ఏ ఏటి ఊరు?

ఒక ప్రాంతం మారిపోయిందని తేల్చి చెప్పాలంటే అది అంతకుముందు ఎలా ఉండేదో నికరమైన రూపం ఒకటి మనసులో ఉండాలి. కృష్ణా, గోదావరి డెల్టాల నుంచి విదేశాలకు వెళ్ళినవారికి ఆ రూపం ఉంటుంది. కాలువలకు నీళ్ళు వదలడం, నాట్లు, కోతలు, నూర్పిళ్ళు ఏటా కొద్దిపాటి తేడాతో అదే వరసలో సాగుతాయి గనుక, ఇరవై ఏళ్ళకు తిరిగివచ్చినవారు వరిమడి చేపల చెరువైతే అది మార్పేనని సందేహం లేకుండా గుర్తించగలుగుతారు. అనంతపురం పీఠభూమి నుంచి వెళ్ళినవారికి ఆ సౌలభ్యం లేదు. నైరుతి మేఘాలు తమ తడిలో అధికభాగాన్ని పడమటి కనుమల అవతలి వాలులోనే కురిసి రావడం వల్లా, తూర్పు తీరం మీదుగా వీచే ఈశాన్య గాలులు ఇంత లోపలికి చేరేసరికి వట్టిపోవడం వల్లా, ఈ నేల రెండు ఋతుపవనాలకూ అంచున, భూగోళ శాస్త్రజ్ఞులు వర్షచ్ఛాయ అని పిలిచే మండలంలో పడింది. ఏడాదికి సగటు వర్షపాతం దాదాపు 550 మిల్లీమీటర్లు; కానీ ఆ సగటు పుస్తకాల్లో తప్ప పొలాల్లో కనబడదు, ఎందుకంటే ఒక ఏడు అందులో సగం కురిస్తే మరొక ఏడు రెండు మూడు రోజుల్లోనే చెరువులు తెగేంతగా కురుస్తుంది.

సాగు పద్ధతి తెలిస్తే ఈ ఒడుదొడుకుల తీవ్రత బోధపడుతుంది. జూన్, జూలై నెలల ముంగారు వానకు నేల పదునెక్కగానే, అంటే విత్తనం మొలవడానికి చాలినంత తడి దిగగానే, గొర్రు కట్టి వేరుశనగ విత్తుతారు. ఆ తర్వాత చినుకు రాలని రోజులు వరసగా వచ్చిపడితే, బెట్ట అనబడే ఆ వ్యవధి సరిగ్గా ఊడలు దిగి కాయ పట్టే దశలో తగిలితే, అంతవరకూ పచ్చగా కనిపించిన చేను పశువుల మేతగా మిగులుతుంది. ఆలస్యంగా వచ్చే హింగారు వాన చెరువును నింపవచ్చునేమో గాని ఎండిన పైరును నిలబెట్టలేదు. ఇటువంటి చోట ఊరు విడిచిపోయే నిర్ణయం సాధారణంగా చెడ్డ ఏటనే జరుగుతుంది. మూటాముల్లె సర్దుకుని బెంగళూరు బస్సెక్కినవారైనా, అప్పు చేసి కువైట్ వీసా కొన్నవారైనా తమ వెంట తీసుకుపోయేది ఆ చెడ్డ ఏటి ఊరినే. తిరిగి రావడం మాత్రం సెలవు దొరికినప్పుడో, ఇంట్లో పెళ్ళో చావో వచ్చినప్పుడో జరుగుతుంది గనుక, దానికి ఏ సంవత్సరం ఎదురవుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. అనేక మండలాలను ప్రభుత్వం కరువు మండలాలుగా ప్రకటించిన 2018లో వచ్చి చూసినవారికి తమ జ్ఞాపకం అక్షరాలా నిజమనిపించి ఉంటుంది. 2021 నవంబరులో చిత్రావతి, పెన్న పొంగినప్పుడో, 2022 అక్టోబరులో పండమేరు వాగు అనంతపురం పట్టణపు కాలనీలను ముంచెత్తినప్పుడో వచ్చినవారికి తాము వేరే జిల్లాలో దిగామేమోనన్న అనుమానం కలిగి ఉంటుంది. ఈ ఇద్దరూ చూసినది వానలోని తేడాయే గాని నేలలో వచ్చిన మార్పు కాదు.

తిరిగివచ్చినవాడి మనఃస్థితిని శాస్త్రీయంగా పరిశీలించినవారిలో ఆస్ట్రియాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన సామాజిక తాత్వికుడు ఆల్‌ఫ్రెడ్ షూట్జ్ ముఖ్యుడు. యుద్ధం నుంచి ఇల్లు చేరే సైనికులను దృష్టిలో పెట్టుకుని 1945లో ఆయన రాసిన వ్యాసం ప్రకారం, ఇంట్లో మిగిలినవారి జీవితం ఒక లయలో నడుస్తూనే ఉంటుంది, దూరమైనవాడు ఆ లయకు దూరమై దాని పాత రూపాన్నే అసలైనదిగా భావించుకుంటాడు, అందువల్ల కలుసుకున్నప్పుడు ఇరువురూ ఒకరికొకరు కొత్తవారవుతారు. ఆ విశ్లేషణ చాలావరకు ఒప్పుకోదగినదే. అయితే దానికి ఆధారమైన ఇల్లు క్రమబద్ధమైన దినచర్య కలిగిన పాశ్చాత్య ఇల్లు. లయే సరిగా లేని చోట, అంటే ఊళ్ళో మిగిలినవారే నిరుటి ఊరిని ఈ ఏడు గుర్తుపట్టలేని చోట, షూట్జ్ సూత్రానికి కొంత సవరణ అవసరమవుతుంది. కరువు సీమకు తిరిగివచ్చినవాడు ముందుగా చేయవలసిన పని రుతువుకు చెందిన తేడానూ, తిరిగిరాని తేడానూ విడదీయడం.

ఆ విడదీతలో మొదట కూలిపోయేది చాలామంది ప్రవాసులు పాత ఊరు అనుకునే చిత్రమే. 1990లలో వెళ్ళినవారిని అడిగితే కనుచూపు మేర పరచుకున్న చెనిక్కాయ చేలు, అంటే వేరుశనగ పొలాలు, కాయలు ఒలిచే మిషన్ల చప్పుడు, ఊరిబిండితో రాగిసంగటి అన్నీ అనాది కాలం నుంచి ఉన్నట్టే చెబుతారు. వేరుశనగ ఇక్కడ ఇంతగా విస్తరించి నిండా రెండు తరాలు కాలేదు. అంతకుముందు ఎర్రనేలల్లో కొర్ర, సజ్జ, ఆరిక, జొన్న, వాటి మధ్య సాళ్ళలో కంది, అనుము, అలసంద కలిపి విత్తేవారు. ఒకటి పోయినా మరొకటి దక్కేది, దక్కిన గింజల్ని పాతరలో, అంటే నేలలో తవ్వి గడ్డి పరిచి మూసే ధాన్యపు గోతిలో, రెండు మూడేళ్ళు దాచుకునేవారు. నూనెగింజల ధర పెరగడం, 1986లో కేంద్ర ప్రభుత్వం నూనెగింజల సాంకేతిక మిషన్ ప్రారంభించడం, బ్యాంకులు పంట రుణాలను వేరుశనగ చుట్టూ అల్లుకోవడం జరిగాక జిల్లాలో ఆ పంట విస్తీర్ణం ఒక దశలో 7 లక్షల హెక్టార్లు దాటింది. 1990ల మధ్య నుంచి పామోలిన్ దిగుమతులకు తలుపులు తెరిచాక ధర నిలవలేదు, 2000 ఖరీఫ్‌లో కాండం కుళ్ళు అనే వైరస్ తెగులు లక్షల హెక్టార్లను ఎండబెట్టింది, ఆ తర్వాతి దశాబ్దాల్లో ఈ పంట కూడా వెనక్కు తగ్గడం మొదలైంది. ఇది గమనిస్తే, ప్రవాసి ఏ ఊరు కనుమరుగైందని బాధపడతాడో ఆ ఊరు అతని తండ్రికి కొత్త ఊరే. ఆ తండ్రి కళ్ళముందే పాతరలు పూడిపోయాయి. వాటి గురించి బాధపడటానికి అతనికి దూరదేశం నుంచి రావలసిన పని లేకపోయింది, తీరికా లేకపోయింది.

తిరిగిరాని తేడా ఎక్కడుందో చూడాలంటే పొలం వైపు గాక పొలంలోని బావిలోకి తొంగిచూడాలి. కదిరి, ధర్మవరం ప్రాంతాల్లో ఇంకా పూడ్చని పాత బావులు చాలా ఉన్నాయి. పై అంచున రెండు నిట్రాతి స్తంభాలు నిలబడి ఉంటాయి. వాటి మధ్య గిలక తిరిగేది, ఎద్దులు వాలుదారిలో దిగుతూ మోకు లాగితే తోలు బాన నీళ్ళతో పైకి వచ్చేది. కపిల అనే ఆ ఏర్పాటు పోయి దశాబ్దాలయినా రాతి అంచు మీద మోకు ఒరిసిన గాడి వేలు పెట్టి తడమగలిగినంత లోతుగా ఉంటుంది. దానికి కొన్ని అడుగుల కింద ఆయిల్ ఇంజను నిలపడానికి కట్టిన దిమ్మె, అంతకంటే కింద కరెంటు మోటారు కోసం బండలో తొలిచిన గూడు, మరింత కింద ఊట వెతుక్కుంటూ పక్కలకు వేసిన అడ్డబోర్ల రంధ్రాలు, అట్టడుగున ఎండు మట్టిలోంచి నిలువుగా పొడుచుకువచ్చిన బోరు గొట్టం, దాని చుట్టూ ఎవరో పారేసిన ప్లాస్టిక్ సంచులు కనిపిస్తాయి. నీటిమట్టం దిగిన ప్రతిసారీ మనుషులు దాని వెంట ఒక మెట్టు దిగారు, ఆ మెట్లన్నీ బావి గోడల మీద వరసగా మిగిలాయి. ఏ వాన ఏడు వచ్చినా ఆ గాడి దాకా నీళ్ళు తిరిగి ఎక్కకపోవడమే మార్పు అనదగినది.

నీళ్ళు అడుగంటిపోవడానికి కారణాలు చెప్పేటప్పుడు చెరువుల పూడిక, 2004లో మొదలైన ఉచిత వ్యవసాయ విద్యుత్తు, చీనీ తోటల దాహం వంటివి తరచుగా ప్రస్తావనకు వస్తాయి. చీనీ అంటే బత్తాయి. నాటిన మూడు నాలుగేళ్ళకు గాని కాపు పట్టని ఆ చెట్టును వేసవిలో ఒక్క నెల తడపకపోయినా పెట్టుబడి అంతా కట్టెలవుతుంది గనుక, చీనీ రైతు ఒక బోరు ఎండగానే మరొకటి వేయించక తప్పదు. ఆ బోరు ఖర్చుకు డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందన్నది మాత్రం తక్కువగా చర్చకు వస్తుంది. వడ్డీ వ్యాపారి దగ్గర తెచ్చినది కొంత, బంగారం తాకట్టు పెట్టినది కొంత కాగా, గల్ఫ్ నుంచీ బెంగళూరు నుంచీ కొడుకులూ కూతుళ్ళూ పంపినది కూడా అందులో చెప్పుకోదగినంత ఉంది. అరచేతిలో టెంకాయ నిలబెట్టి పొలమంతా తిరిగిన జలజ్ఞుడు చూపించిన చోట తిరుచెంగోడు రిగ్గు లారీ రాత్రంతా మోగుతుంది, అయిదారు వందల అడుగులు దాటినా దుమ్మే వస్తుంది, ఇంకో వంద అడుగులకు అనుమతి అడగడానికి విదేశంలో ఉన్న కొడుక్కి ఫోను వెళుతుంది. అందువల్ల కొన్నేళ్ళ తర్వాత వచ్చి, బావులన్నీ ఎండిపోయాయే అని ఆశ్చర్యపడే ప్రవాసి తనకు సంబంధం లేని మార్పును చూస్తున్నాడని అనలేము. అతడు దూరంగా ఉండి కూడా ఆ ఊరి మీద పనిచేశాడు. చెమట అక్కడ కార్చి, గొయ్యి ఇక్కడ తవ్వాడు.

ఇళ్ళ విషయం వేరు. చౌడు మట్టి పరిచిన పాత మిద్దెలు, పొగ పోవడానికీ వెలుతురు రావడానికీ కప్పులో ఉంచే గవాక్షులు పోయి కాంక్రీటు మేడలు లేచినందుకు విచారించే వ్యాసాలు చాలినన్ని ఉన్నాయి. వాన కురిసిన రాత్రి కారే మిద్దె కింద గిన్నెలు మార్చుతూ కూర్చున్నవారెవరూ ఆ విచారంలో పాలుపంచుకోరు.

ప్రవాసం అనగానే అమెరికా గుర్తుకురావడం తెలుగు పత్రికల అలవాటు గనుక ఇక్కడ ఒక భేదం గుర్తించాలి. అనంతపురం ఇంజనీరింగ్ కళాశాలలో చదివి డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడినవారు తిరిగిరావడం అంటే చాలావరకు చూసిపోవడమే. కదిరి, తలుపుల, నల్లచెరువు, తనకల్లు, ఎన్.పి.కుంట మండలాల నుంచి గల్ఫ్ వెళ్ళినవారు అలా కాదు; అక్కడ పౌరసత్వం దొరకదు, వయసు ఉడిగాక ఉండనివ్వరు, కాబట్టి వారి ప్రవాసం ఎంత దీర్ఘమైనా తిరుగుప్రయాణంతోనే ముగుస్తుంది. వారిలో ఇంటిపనికి వెళ్ళిన స్త్రీలు గణనీయంగా ఉన్నారు. యజమాని పూచీ మీదనే దేశంలో ఉండనిచ్చే కఫాలా పద్ధతి కింద, ఆ యజమానిని కాదని బయటపడినవారు చట్టం దృష్టిలో పారిపోయినవారవుతారు. 2018లోనూ 2024లోనూ కువైట్ ప్రకటించిన క్షమాభిక్ష, అంటే జరిమానా లేకుండా దేశం విడిచిపోయే అవకాశం, ఇటువంటి ఎందరినో అవుట్‌పాసు కాగితంతో ఇంటికి చేర్చింది. దళిత, ముస్లిం, వెనుకబడిన కులాల కుటుంబాల నుంచి వెళ్ళిన ఈ స్త్రీలకు పాత ఊరు పోయిందన్న బెంగ ఉండవలసిన కారణమేమీ లేదు. పనికి వెళ్ళిన ఇంటి వాకిట్లో దోసిట పోసిన నీళ్ళు తాగిన ఊరు అది. ఆ ఊరిని మార్చినవాటిలో గల్ఫ్ డబ్బుతో పాటు, 1969లో అనంతపురం చేరి 2009లో ఇక్కడే మరణించిన బార్సిలోనా వాసి విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ (ఆర్.డి.టి.) కట్టించిన ఇళ్ళు, బడులు, బత్తలపల్లి ఆసుపత్రి ఉన్నాయి, 1990ల మధ్యలో పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు 700కు పైగా గ్రామాలకు వేసిన తాగునీటి గొట్టాలు ఉన్నాయి, 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించిన ఉపాధి హామీ పథకం ఉంది. ఉపాధి హామీ కూలి మొదలయ్యాక భూస్వామి పిలిస్తే వెళ్ళక తప్పని స్థితి సడలిందని ఊళ్ళో అటు పెద్దరైతూ ఇటు కూలీ చెబుతారు. ఒకరు ఫిర్యాదుగా, ఇంకొకరు తృప్తిగా. మాతృభూమి మారిందన్న వాక్యాన్ని ఎవరు పలుకుతున్నారో అడగకుండా దాని తాత్పర్యం నిర్ణయించడం కుదరదు.

ఇక దారి పక్కన కనిపించే మార్పులు. శ్రీశైలం జలాశయపు వెనుక నీటిని మల్యాల దగ్గర ఎత్తిపోసి దక్షిణానికి మళ్ళించే హంద్రీ–నీవా సుజల స్రవంతి ద్వారా కృష్ణా నీళ్ళు 2012లో జీడిపల్లి జలాశయానికి, తర్వాత మరికొన్నేళ్ళకు పెనుకొండ దగ్గరి గొల్లపల్లి జలాశయానికి చేరాయి. అక్కడికి చేరిన నీళ్ళే ఎర్రమంచి గ్రామ సమీపంలో కియా కార్ల కర్మాగారం రావడానికి దోహదపడ్డాయి. 2017లో ఒప్పందం కుదిరింది, 2019లో కార్లు బయటికొచ్చాయి. అక్కడి జాతీయ రహదారి వెంట ఇప్పుడు కొరియన్ లిపిలో హోటళ్ళ బోర్డులు కనిపిస్తాయి. నూరేళ్ళకు పైగా మనుషుల్ని బయటికి పంపడమే ఎరిగిన ప్రాంతం పరదేశి ఉద్యోగులకు అద్దె ఇళ్ళు చూపించవలసి రావడం తిరిగివచ్చినవారికి తాము ఊహించని దృశ్యం. వేరొకరి దేశంలో తాము ఎలా కనిపించి ఉంటారో స్వంత ఊళ్ళో కూర్చుని చూసే అవకాశం అది. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి శీతల పెట్టెల్లో అరటిపండ్లు నింపుకున్న రైలొకటి ముంబయి రేవుకు, అక్కడి నుంచి ఓడలో గల్ఫ్ దిశగా సాగింది. కూలీలు వెళ్ళిన దారినే పండ్లు వెళ్ళడం గురించి అధికారుల ప్రసంగాల్లో గర్వం ధ్వనించింది, అందులో తప్పు లేదు. కాకపోతే అరటి చీనీ కంటే ఎక్కువ నీరు తాగే పంట, ఆ నీరు కాలువది కాని చోట పైన చెప్పిన బోరుదే.

ఎన్.పి.కుంట వైపు మార్పు ఇంకా విచిత్రమైనది. 2016లో తొలి 250 మెగావాట్లు ఉత్పత్తి మొదలైన అక్కడి సౌర విద్యుత్ కేంద్రం వేలాది ఎకరాల మెట్టను అద్దాల పలకలతో కప్పింది. పరిహారం లెక్క వేసేటప్పుడు సొంత పట్టా ఉన్నవారికి ఒక స్థితి, డీకేటీ పట్టా, అంటే భూమిలేని పేదలకు ప్రభుత్వం అమ్ముకునే హక్కు లేకుండా ఇచ్చిన భూమి కాగితం, ఉన్నవారికి ఒక స్థితి, తాతల నాటి నుంచి దున్నుతున్నా ఏ కాగితమూ లేనివారికి వేరొక స్థితి ఎదురైంది. వలస వెళ్ళి ఊళ్ళో లేనివారు ఈ మూడింటిలో ఎక్కడ ఉన్నా వెనుక వరసలోనే నిలబడ్డారు. వేదవతి ఒడ్డున కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో ఏటి ఇసుక గాలికి లేచి పొలాల మీద దిబ్బలు కట్టడం కూడా తిరిగిరాని మార్పుల కిందకే వస్తుంది గాని, అక్కడి నుంచి వెళ్ళినవారి కథ బళ్ళారి వైపు తిరుగుతుంది కాబట్టి ఇక్కడ విస్తరించనవసరం లేదు. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా వేరుపడటంతో కదిరి, హిందూపురం, ధర్మవరం నుంచి వెళ్ళినవారి పాత పాస్‌పోర్టుల్లో ఉన్న జిల్లా పేరు ఇప్పటి చిరునామాకు సరిపోకుండా పోయింది. 1882 దాకా ఈ నేలలో చాలాభాగం బళ్ళారి జిల్లాలో ఉండేదని, ధాత, ఈశ్వర నామ సంవత్సరాల మహాకరువు (1876–78) వచ్చినప్పుడు అనంతపురం జిల్లా అనేదే లేదని తెలిసినవారు దీనికి పెద్దగా కలవరపడరు.

ఇన్ని మార్పుల మధ్య ఏది రుతువుదో ఏది శాశ్వతమో తేల్చుకోదలచినవారికి జ్ఞాపకం కంటే నమ్మదగిన సాధనం రెవెన్యూ దస్త్రాల్లో ఉంది. అడంగల్ అనే గ్రామ లెక్క ప్రతి సర్వే నంబరుకూ ఆ ఏటి పంట, దాని విస్తీర్ణం, నీటి ఆధారం నమోదు చేస్తుంది; జూలై 1న మొదలయ్యే ఫసలీ సంవత్సరాన్ని అనుసరించి, అంటే 2022–23ను 1432వ ఫసలీగా లెక్కిస్తూ, ఏడాదికొకటిగా ఆ లెక్కలు పేరుకుంటాయి. ఒకే పొలానికి సంబంధించిన ముప్పై నలబై ఫసలీలను వరసగా పెట్టుకుని, పక్కన మండల వర్షమాపకం లెక్కలు ఉంచుకుని చదివితే, వాన బాగా పడ్డ ఏళ్ళలో కూడా బీడు అని రాసి ఉన్న చోట మార్పు మొదలైందని, నీటి ఆధారం గడిలో బావి పోయి బోరు వచ్చిన ఏడు ఏదో, బోరు కూడా పోయిన ఏడు ఏదో తెలిసిపోతుంది. గ్రామ లెక్కలన్నీ నిజాయితీగా రాసినవని ఎవరూ అనరు. ఊళ్ళో కూర్చుని పూరించిన గడులు కూడా అందులో ఉంటాయి. అయినా ఏ ఏటికి ఆ ఏడు విడిగా నిలిచే గుణం వాటికి ఉంది, జ్ఞాపకానికి లేదు.

ఆ పుస్తకంలో పట్టాదారు, అనుభవదారు అని రెండు గడులు ఉంటాయి. మొదటిది భూమి ఎవరిదో చెబుతుంది, రెండవది దాన్ని ఎవరు సాగుచేస్తున్నారో చెప్పాలి. విదేశాల్లో ఉన్నవారి పొలాల విషయంలో మొదటి గడిలో తరచుగా మరణించిన తండ్రి పేరో తాత పేరో ఉంటుంది, రెండవ గడిలోనూ అదే పేరు మళ్ళీ రాసి ఉంటుంది. నిజంగా దున్నుతున్నది పక్క ఊరి నుంచి వచ్చిన కౌలుదారు. కౌలు నోటిమాట మీద నడుస్తుంది, కాగితం మీద పెడితే హక్కు అడుగుతాడని భూమి గలవారి భయం, అందువల్ల పంట రుణమూ నష్టపరిహారమూ కౌలుదారు దాకా రావు. తిరిగివచ్చిన ప్రవాసి గట్టు మీద నిలబడి ఊరు ఎంత మారిందో వాకబు చేసేది ఎక్కువగా ఇతన్నే, బోరు ఎన్నో అడుగున ఎండిందో చెప్పగలిగేదీ ఇతడే.